పాత వీడియో క్యాసెట్టును గుర్తించుట ఎట్లు?

అటకమీది ట్రంకుపెట్టెలోనో, బీరువా అడుగు అరలోనో పాత వీడియో క్యాసెట్టులు దాచియుంచిన ఇండ్లు మన నాట ఇంకను అనేకము కలవు. పెండ్లి, ఉపనయనము, గృహప్రవేశము మొదలగు శుభకార్యములలో తీయించినవి కొన్ని. విదేశమునుండి సెలవులకు వచ్చిన కుమారుడో అల్లుడో చేతి కెమేరాతో తీసి యిచ్చినవి కొన్ని. వానిని చూపెడు యంత్రము చెడిపోయి ఏండ్లు గడచినవి. క్యాసెట్టులు మాత్రము మిగిలినవి. వానిలో ఇపుడు మన మధ్య లేని పెద్దల రూపములున్నవి; అంతకు మించి వారి కంఠములున్నవి. ఛాయాచిత్రము ఏ గోడమీదనో మిగులును గాని, తాతగారు మాటలాడిన తీరు, నాయనమ్మ నవ్విన నవ్వు, ఆ టేపులో తప్ప మరెచ్చటను మిగిలియుండకపోవచ్చును. శబ్దమే వృత్తిగా గల మాకు ఈ విషయము మిక్కిలి ముఖ్యమైనదిగా తోచుచున్నది.

ఇట్టి క్యాసెట్టు చేతికి దొరకగనే ఎవరికైనను కలుగు ఉత్సాహము ఒక్కటే: ఎచ్చటినుండియైనను ఒక యంత్రమును తెచ్చి, అందులో పెట్టి, బొత్తము నొక్కుట. ఆ తొందరయే కొన్ని టేపులకు చేటు తెచ్చును. క్యాసెట్టు ఆకారము ఏది, అందులోని ముద్రణపద్ధతి ఏది, ఆ ముద్రణము ఏ దేశపు టెలివిజను ప్రమాణము ననుసరించినది అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసిన పిమ్మటనే యంత్రమును వెదకవలెను. యంత్రము దొరకిన పిమ్మట, చూచుటకును నకలు తీయుటకును వేరువేరు దినములు పెట్టుకొనరాదు. ఏలయన, పాత టేపునకు మొదటి ప్రదర్శనమే కడపటిది కావచ్చును.

ముందుగా టేపు స్వభావమును తెలిసికొందము. టేపనగా పలుచని పాలియెస్టరు పొర. అయస్కాంతగుణము గల సన్నని రేణువులను బంధకద్రవ్యముతో కలిపి ఆ పొరపై పూతగా పూయుదురు. హెడ్డు అను భాగము దగ్గరకు వచ్చినపుడు ఆ రేణువులు ఒక క్రమమున అయస్కాంతత్వమును పొందును. ఆ క్రమమే ముద్రణము. రేడియో కేంద్రములలో చిరకాలము వాడుకలోనుండిన స్పూలు టేపు కూడ ఇట్టిదే. అది సెకనుకు 19 సెంటీమీటర్ల వేగమున, కదలని హెడ్డు నొరసికొనుచు సాగెడిది. శబ్దమునకు ఆ వేగము చాలును, చిత్రమునకు చాలదు. చిత్రసంకేతము శబ్దసంకేతముకంటె వందలరెట్లు విస్తృతమైనది. అందువలన టేపును మెల్లగా నడిపి, హెడ్డులనే గిరగిర త్రిప్పు ఉపాయమును ఇంజనీర్లు అవలంబించిరి.

మన దేశమున వాడిన వి.హెచ్.ఎస్. యంత్రములో టేపు సెకనుకు 2.34 సెంటీమీటర్లు మాత్రమే జరుగును. హెడ్డులు గల డ్రమ్ము మాత్రము నిమిషమునకు 1500 సార్లు తిరుగును. ఆ కారణమున హెడ్డు టేపును తాకు వేగము సెకనుకు దాదాపు 5 మీటర్లగును. డ్రమ్ము వాలుగా అమర్చబడియుండుటచే ముద్రణము ఏటవాలు గీతలుగా పడును. వి.హెచ్.ఎస్. టేపులో ఒక్కొక్క గీత వెడల్పు మిల్లీమీటరులో ఇంచుమించు ఇరువదవ వంతు. తరువాత వచ్చిన మినీ డి.వి. టేపులో అది మిల్లీమీటరులో నూరవ వంతు మాత్రమే. తలవెండ్రుక దానికంటె అనేకరెట్లు లావైనది. ఇంత సూక్ష్మమైన గీతలపై ఒక ధూళికణము పడినను, ఒక బూజుపోగు అంటినను చిత్రము చెదరుటలో ఆశ్చర్యము లేదు. పాత టేపుపట్ల చూపవలసిన జాగ్రత్త యంతయు ఈ యొక్క విషయమునుండియే పుట్టినది.

ఇక మొదటి ప్రశ్న, ఆకారము. దీనికి ఒక కొలబద్ద చాలును. 18.8 సెంటీమీటర్ల పొడవు, 10.4 సెంటీమీటర్ల వెడల్పు గల పెద్ద క్యాసెట్టు వి.హెచ్.ఎస్. ఇది 1976లో జపానులో వెలువడినది. 1980, 1990 దశకములలో మన ప్రాంతమున భుజముపై మోయు పెద్ద కెమేరాలతో తీసిన పెండ్లి వీడియోలు సాధారణముగా ఈ క్యాసెట్టులలోనే యుండును. దానికంటె కొంచెము చిన్నదై, 15.6 సెంటీమీటర్ల పొడవున్నచో అది సోనీవారు 1975లో తెచ్చిన బీటామాక్సు. ఈ రెండింటిలోను టేపు వెడల్పు అర అంగుళమే. అయినను ఒకదాని క్యాసెట్టు మరొకదాని యంత్రములో పట్టదు.

కెమేరాయు రికార్డు చేయు యంత్రమును ఒకే పెట్టెలో ఇమిడిన సాధనమును క్యామ్‌కార్డరు అందురు. గృహస్థుల కొరకు అట్టిది 1983లో సోనీవారి బీటామూవీగా వచ్చినది. అది రికార్డు చేయుటకే గాని తిరిగి చూపుటకు పనికిరాదు. చేతిలో ఇమిడెడు చిన్న కెమేరాల కొరకు చిన్న క్యాసెట్టులు అవసరమైనవి. అట్లు పుట్టినవానిలో రెండింటిని మనవారు తరచు తారుమారు చేయుదురు. మొదటిది జె.వి.సి. సంస్థవారు 1982లో తెచ్చిన వి.హెచ్.ఎస్. సి. దీని పొడవు 9.2 సెంటీమీటర్లు, మందము 2.3 సెంటీమీటర్లు. రెండవది 1985లో సోనీవారి కెమేరాలతో విపణికి వచ్చిన వీడియో 8. దీని పొడవు 9.5 సెంటీమీటర్లు, మందము మాత్రము 1.5 సెంటీమీటర్లే. పొడవునుబట్టి ఈ రెండును ఒక్కటే యనిపించును, మందమునుబట్టి వేరుపడును. వి.హెచ్.ఎస్. సి. క్యాసెట్టులో ఒక చక్రమునకు అంచున పండ్లు కనబడును. ఇది మరియొక ఆనవాలు.

ఈ భేదము వినుటకు స్వల్పమైనను ఫలితమున పెద్దది. వి.హెచ్.ఎస్. సి. లోని టేపు పెద్ద వి.హెచ్.ఎస్. టేపు వంటిదే. కావున దానిని ఒక అడాప్టరు పెట్టెలో అమర్చి, సామాన్యమైన వి.సి.ఆర్.లో చూడవచ్చును. వీడియో 8 కు అట్టి అడాప్టరు లేదు. ఉండుటకు వీలును లేదు. అందులో టేపు వెడల్పు 8 మిల్లీమీటర్లే, వి.హెచ్.ఎస్. టేపు 12.7 మిల్లీమీటర్లు. గీతల అమరిక కూడ వేరు. "8 మి.మీ. అడాప్టరు" కొరకు అంగడులన్నియు తిరుగువారు ఈ సంగతిని గ్రహించినచో వారి శ్రమ తప్పును. ఆ క్యాసెట్టును చూడవలెనన్న 8 మి.మీ. కెమేరానో, 8 మి.మీ. ప్లేయరునో సంపాదింపవలసినదే.

1995లో వచ్చిన మినీ డి.వి. క్యాసెట్టు ఇంకను చిన్నది: పొడవు 6.6, వెడల్పు 4.8 సెంటీమీటర్లు. అందులోని టేపు వెడల్పు పావు అంగుళము. రేడియోవారి స్పూలు టేపు వెడల్పును ఇంతియే. దానిపై శబ్దము మాత్రమే నిలుపుకొనిన కాలమునుండి, అదే వెడల్పులో చిత్రమును శబ్దమును అంకెల రూపమున నింపు కాలము వచ్చినది. అరుదుగా అంతకంటెను చిన్నదైన మైక్రో ఎం.వి. క్యాసెట్టు కనబడును. దానిని సోనీవారు 2001లో తెచ్చిరి. అది ఆ జాతి కెమేరాలో తప్ప పలుకదు.

రెండవ ప్రశ్న ముద్రణపద్ధతి. పొరపాటునకు ఎక్కువ అవకాశమున్నది ఇచ్చటనే. 8 మి.మీ. క్యాసెట్టు ఆకారము ఒక్కటే. దానిలోని ముద్రణము మూడు విధములు. వీడియో 8 మొదటిది. 1989లో వచ్చిన హై8 రెండవది. మొదటిదానిలో చిత్రపు సూక్ష్మత సుమారు 240 గీతలైనచో, రెండవదానిలో సుమారు 400 గీతలు. ఈ రెండును అనలాగు పద్ధతులు. 1999లో సోనీవారు తెచ్చిన డిజిటల్8 మూడవది. అందులో చిత్రము అంకెల రూపమున ముద్రితమగును. డిజిటల్8 కెమేరాలు హై8 క్యాసెట్టులనే వాడెడివి. కావున క్యాసెట్టుపై "హై8" అని యున్నంతమాత్రమున లోపలిది హై8 అని నిశ్చయింపరాదు. ఆ పేరు క్యాసెట్టును తయారుచేసినవారు పెట్టినది. ముద్రణము కెమేరా చేసినది. ఇత్తడి బిందెపై ఎవరి పేరు చెక్కియున్నను లోపలి నీరు ఏ బావిదో ఆ పేరు చెప్పజాలదు గదా!

మరి తెలియుట ఎట్లు? తీసిన సంవత్సరము మొదటి సాక్ష్యము. 1999కి పూర్వము తీసినది డిజిటల్8 కానేరదు. కెమేరా ఇంకను ఇంటిలోనున్నచో దానిపై ముద్రించిన గుర్తు రెండవ సాక్ష్యము. అదియు లేనిచో పరీక్షయే శరణ్యము. డిజిటల్8 ముద్రణమును హై8 కెమేరాలో పెట్టినచో చిత్రము రాదు. హై8 ముద్రణమును ఒట్టి వీడియో 8 యంత్రములో పెట్టినచో చిత్రము వికృతముగా కనబడును. ఇట్లు జరిగినపుడు టేపు చెడినదని నిరాశపడి పారవేయరాదు. చెడినది టేపు కాదు. ఎన్నుకొనిన యంత్రము తగినది కాదు. డిజిటల్8 కెమేరాలలో పెక్కింటికి పాత వీడియో 8, హై8 టేపులను చూపు శక్తి కలదు, కొన్నింటికి లేదు. కావున పాత కెమేరాను కొనుటకు ముందు ఆ నమూనాకు ఆ శక్తి ఉన్నదో లేదో విచారింపవలెను. ఉన్నచో, మూడు విధముల టేపులకును ఆ యొక్క యంత్రమే చాలును.

మినీ డి.వి. లోను ఇట్టి చిక్కు కలదు. 2003లో ఏర్పడిన హెచ్.డి.వి. పద్ధతివారు అదే క్యాసెట్టును వాడిరి. హెచ్.డి.వి. ముద్రణమును పాత డి.వి. కెమేరా చూపలేదు. అదిగాక, గంట క్యాసెట్టులో గంటన్నర ఇముడ్చు మందగతి ముద్రణము కొందరు చేసిరి. అట్టిది తీసిన కెమేరాలో చక్కగ పలికి, మరొకదానిలో చెదరవచ్చును.

మూడవ ప్రశ్న దేశప్రమాణము. మన దేశమున టెలివిజను పాల్ పద్ధతి ననుసరించినది: 625 గీతలు, సెకనుకు 25 చిత్రములు. అమెరికాలోను జపానులోను ఎన్.టి.ఎస్.సి. పద్ధతి: 525 గీతలు, సెకనుకు సుమారు 30 చిత్రములు. అమెరికానుండి వచ్చిన మనవారు అచ్చట కొనిన కెమేరాతో గుంటూరులోనో కరీంనగరులోనో తీసినను, ఆ ముద్రణము ఎన్.టి.ఎస్.సి. యే యగును. ఊరు ఏదైనను కెమేరా పుట్టిన విపణి ప్రమాణమే ప్రమాణము. కువైటు, దుబాయి, సింగపూరు, ఇంగ్లండులలో కొనినవి సాధారణముగా పాల్ పద్ధతివి. 8 మి.మీ. క్యాసెట్టుపై "పి5" అని యున్నచో పాల్ దేశములకు, "పి6" అని యున్నచో ఎన్.టి.ఎస్.సి. దేశములకు ఉద్దేశింపబడినదని అర్థము; దాని ప్రక్కనున్న అంకె నిమిషముల సంఖ్య. అయితే ఇదియు క్యాసెట్టు జాడయే గాని ముద్రణమునకు తుదిసాక్ష్యము కాదు. చిత్రము పైకి క్రిందికి దొరలుచున్నను, రంగులు లేక నలుపు తెలుపులలో కనబడుచున్నను ప్రమాణభేదమును శంకింపవలెను. క్యామ్‌కార్డరులు సాధారణముగా ఒక్క ప్రమాణమునే చూపును. కావున అమెరికా టేపునకు అమెరికా కెమేరానే వెదకుట క్షేమము.

మూడు ప్రశ్నలును తీరిన పిదప ప్రదర్శనమునకు పూర్వము చేయవలసిన పనులు కొన్ని కలవు. అన్నింటికంటె ముందు, పొరపాటున రికార్డు బొత్తము నొక్కినను ముద్రణము చెరగకుండ కట్టుదిట్టము చేయవలెను. పెద్ద వి.హెచ్.ఎస్. క్యాసెట్టు వీపుననున్న చిన్న ప్లాస్టిక్ రేకును విరిచివేసినచో యంత్రము దానిపై రికార్డు చేయదు. 8 మి.మీ. క్యాసెట్టులో జారుడు రేకును ఎర్రగుర్తు కనబడునట్లు జరుపవలెను. మినీ డి.వి. లో "సేవ్" అను వైపునకు జరుపవలెను. కెమేరాలో చూచునపుడు మీటను "కెమేరా" స్థానమున గాక "ప్లేయరు" స్థానమున నుంచుట మరువరాదు.

పిమ్మట క్యాసెట్టు కిటికీలోనుండి టేపు చుట్టను వెలుతురున పరిశీలింపవలెను. చుట్ట అంచులపై తెల్లని మచ్చలు గాని, దూదిపోగుల వంటివి గాని కనబడినచో అది బూజు. సముద్రతీరపు జిల్లాలలోను, వానకాలమున తడిసిన గోడల ప్రక్కను దాచిన క్యాసెట్టులకు ఇది సహజముగా పట్టును. బూజుపట్టిన టేపును ఏ యంత్రములోను పెట్టరాదు. టేపు తెగుటయే గాక, ఆ బూజు హెడ్డులకంటి తరువాత పెట్టిన మంచి టేపులకును ప్రాకును. దానిని ఇంటిలో దులుపుటయు మంచిది కాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. అట్టిదానిని వేరుగా సంచిలో కట్టి, నిపుణుల కప్పగింపవలెను. కొన్ని టేపులలో బంధకద్రవ్యము తేమను పీల్చుకొని జిగటయగును. నడుచునపుడు కీచుమని శబ్దము చేసినను, యంత్రము తనంత తాను ఆగుచున్నను వెంటనే ఆపవలెను. బలవంతముగా నడిపినచో పూత ఊడి హెడ్డులకంటుకొనును. ఊడిన పూతతోపాటు చిత్రమును పోవును.

యంత్రమును నమ్ముటకు ముందు దానిని పరీక్షింపవలెను. ఇరువది ముప్పది ఏండ్ల యంత్రములో రబ్బరు పట్టీలు సాగియుండవచ్చును, కెపాసిటర్లు కారియుండవచ్చును. కావున పోయినను చింతలేని యొక పాత క్యాసెట్టును మొదట పెట్టి, సాఫీగా నడచి బయటికి వచ్చుచున్నదో లేదో చూడవలెను. హెడ్డులను దూదిపుల్లతో తుడువరాదు. నూలుపోగు చిక్కుకొని హెడ్డు విరుగవచ్చును. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన, పోగులూడని మెత్తని తోలుముక్కను కదల్పక అదిమిపట్టి, డ్రమ్మును చేతితో మెల్లగా త్రిప్పుట సరియైన పద్ధతి. ఏసీ గదినుండి ఉక్కపోతలోనికి యంత్రమును తెచ్చినపుడు డ్రమ్ముపై తేమ పట్టును. అట్టిచో గంటసేపైనను ఆగి గాని టేపును పెట్టరాదు.

ఇక నకలు. అనలాగు టేపునుండి చిత్రము పసుపుపచ్చని తీగ ద్వారా వచ్చును. ఎస్ వీడియో ద్వారము గల యంత్రమైనచో దానినే వాడుట మేలు. రంగులు, అంచులు స్పష్టముగా నుండును. శబ్దము తెల్లని, ఎర్రని తీగల ద్వారా వచ్చును. ఈ తీగలను కంప్యూటరునకు కలుపు చిన్న సాధనములు నేడు లభించుచున్నవి. డిజిటల్8, మినీ డి.వి. టేపుల విషయము వేరు. వానిలోని అంకెలను ఫైర్‌వైర్ తీగ ద్వారా ఉన్నదున్నట్లు కంప్యూటరులోనికి దింపవచ్చును. అట్టి నకలు మూలముతో సరిసమానము. గంటకు సుమారు 13 గిగాబైట్ల స్థలము పట్టును. క్రొత్త కంప్యూటర్లలో ఆ ద్వారము ఉండదు. పాత కంప్యూటరు ఇంటిలోనున్నచో దానిని ఈ పనికొరకు నిలుపుకొనవలెను.

నకలు తీయునపుడు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఒకటి: అన్నింటికంటె విలువైన క్యాసెట్టును మొదట పెట్టరాదు, చేయి తిరిగిన పిదప పెట్టవలెను. రెండు: తెర ఖాళీగా కనబడినంతనే ఆపరాదు. నడుమ ఖాళీ విడిచి, తరువాత మరల తీసిన సందర్భములు పెక్కు. ఒక ముద్రణముపై మరొకటి చేసినపుడు పాతదాని తోక చివర మిగిలియుండును. ఆ తోకలోనే వెదకుచున్న ముఖము ఉండవచ్చును. మూడు: శబ్దమును బాగుచేయుట, చిత్రమునకు మెరుగుపెట్టుట అనునవి తరువాతి పనులు. సామాన్యమైన వి.హెచ్.ఎస్. లో శబ్దము అంచుననున్న సన్నని బాటలో, పాటల క్యాసెట్టు వేగములో సగము వేగమున ముద్రితమైనది. కావున కంఠము కొంత మొద్దుబారి వినబడును. వీడియో 8 లో శబ్దము చిత్రముతోపాటు తిరుగు హెడ్డులచే ముద్రితమగుటచే ఎక్కువ స్పష్టముగా నుండును. మొద్దుబారినదానిని తొలుత ఉన్నదున్నట్లు దింపియుంచినచో, రేపు మంచి ఉపాయము వచ్చినపుడు బాగుచేసికొనవచ్చును.

ఈ పనిని వాయిదా వేయుటకు వీలు లేదనుటకు కారణములు కలవు. సోనీవారు బీటామాక్సు క్యాసెట్టుల విక్రయమును 2016 మార్చిలో విరమించిరి. అదే సంవత్సరము జూలైలో జపానులోని ఫునాయి సంస్థవారు వి.సి.ఆర్.ల తయారీని నిలిపివేసిరి. 2019లో యునెస్కోవారు అయస్కాంతపు టేపులను గూర్చి ప్రపంచమంతటికిని హెచ్చరిక చేసిరి. 2025 నాటికి అంకెల రూపమునకు మార్చని టేపులలో అధికభాగము ఇక దక్కవని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారమువారు అంతకుముందే చాటిరి. ఆ సంవత్సరము వచ్చినది. టేపులన్నియు ఒక్కనాట నశింపవు. కాని యంత్రములు, విడిభాగములు, వానిని బాగుచేయగల మెకానిక్కులు సంవత్సర సంవత్సరమునకు తరిగిపోవుచున్నారు. టేపు బ్రదికియుండి యంత్రము లేకపోవుటయు నష్టమే.

నకలు ఒక్కటి చాలదు. రెండు వేరువేరు డిస్కులలో నుంచి, ఒకదానిని మరియొక ఊరిలోని బంధువుల యింట నుంచుట మంచిది. మూల క్యాసెట్టును పారవేయక, మొదటివరకు త్రిప్పి, పెట్టెలో నిలువుగా, పొడిగానుండు చల్లని చోట ఉంచవలెను.

యంత్రము చేయలేని పని యొకటి మిగిలినది. నకలు తీసిన పిదప ఇంటిలోని పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తెరపై కనబడువారు ఎవరెవరో, ఏ ఊరో, ఏ సందర్భమో అడిగి వ్రాసికొనవలెను. పందిరిలో వడ్డించుచున్న ఆయన ఎవరు, మంగళహారతి పాడుచున్న ఆ ఇల్లాలు ఏ వరుస అను సంగతులు చెప్పగలవారు నేడు ఏ యింటనైనను ఒకరో ఇద్దరో కలరు. పేరు తెలియని ముఖము, ఎంత స్పష్టముగా కనబడినను, రాబోవు తరమువారికి పరాయి ముఖమే. అందుచేత యంత్రము కొరకు వెదకుచున్న దినములలోనే ఆ పెద్దవారికి కబురు పంపుటయు మంచిది.